చెప్పి వెళ్ళేవాళ్ళు

ఆదివారం దుకాణం తెరిచే పని లేదు కాబట్టి సూదక్క పొద్దున్నే ఫోన్‌లోని పేర్లు దులపడానికి కూర్చుంది. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఫోన్‌ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని, ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదువుతోంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. సూదిలో దారం ఎక్కించడం ఎప్పుడో మానేసింది. మిషన్ మీద కుట్టు వంకరపోతుంటే పాత ఖాతాదార్లు మొహమాటానికి ఏమీ అనకుండా వేరే దుకాణం చూసుకుంటున్నారు.

కంటి ఆసుపత్రి వాళ్ళు ఇప్పటికే ఒకసారి వెనక్కి పంపేశారు. "వెంట మనిషి లేకుండా ఆపరేషన్ చెయ్యరమ్మా. కంటికి కట్టు కట్టాక మిమ్మల్ని ఇంటికెవరు తీసుకెళ్తారు?" అని నర్సు అడిగితే సూదక్క చీటీ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది. రేపు మళ్ళీ రమ్మన్నారు. రేపు కూడా ఒంటరిగా వెళ్తే ఇక కుట్టుపనికి నీళ్ళొదులుకోవాల్సిందే. ఇంత ఫోన్‌లో ఒక్క మనిషి దొరక్కపోతారా అని వెతకడం మొదలుపెట్టింది. రారనిపించినవాళ్ళ పేర్లు అక్కడికక్కడే తీసేస్తోంది.

తీసేసినవాళ్ళు మామూలుగానే వచ్చి చెప్పి వెళ్తున్నారు. ఎవరి ఫోన్‌లోంచి పేరు పోయినా, ఆ మనిషి గుమ్మం దాకా వచ్చి, మంచినీళ్ళు తాగి, "ఉంటాను మరి" అని వెళ్ళడం మర్యాద. మెట్లు దిగేలోపు వాళ్ళని వీళ్ళూ, వీళ్ళని వాళ్ళూ మరిచిపోతారు. అందులో ఎవరికీ బాధ లేదు. బాధల్లా కింది వాటా ఆవిడకే.

"ఫోన్ దులిపేటప్పుడు ఒక మాట చెప్పొచ్చుగా అక్కా? ఇప్పుడేగా మెట్లు కడిగాను," అందావిడ కింద నుంచి.

"ఇంకో నలుగురేలే," అంది సూదక్క.

బొత్తాలమ్మే పెద్దాయన వచ్చాడు. నీళ్ళు తాగుతున్న ఆయన్ని చూస్తే సూదక్కకి ఆశ పుట్టింది. "రేపు నాతో ఆసుపత్రికి రాగలరా?"

"తీసేశాక అడుగుతావేంటమ్మా? కాస్త ముందు అడిగుంటే వచ్చేవాణ్ణి," అని గ్లాసు కింద పెట్టి, "ఉంటాను మరి," అన్నాడాయన. ఆయన మెట్లు దిగేసరికి ఎవరిని ఏమడిగిందో సూదక్కకే గుర్తులేదు.

అడగాల్సిన మనిషి పేరు ఫోన్‌లో లేనే లేదు. ఒకప్పుడు దుకాణంలో ఇద్దరుండేవాళ్ళు. కత్తిరించేది కత్తెరక్క, కుట్టేది సూదక్క. ఖాతాదార్లు సరదాకి పెట్టిన పేర్లే అసలు పేర్లయి కూర్చున్నాయి. ఒకసారి ఒక కోటుకి చెయ్యి పొట్టిగా వచ్చింది. తప్పు కత్తిరింపుదా, కుట్టుదా అన్న దగ్గర మొదలైన మాట ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. ఆ మర్నాడే సూదక్క ఆమె పేరు తీసేసింది, తన నంబరు కూడా మార్చేసింది. ఆ సాయంత్రమంతా తల ఎత్తకుండా మిషన్ తొక్కుతూనే ఉంది. అందరినీ మరిచిపోయినట్టే కత్తెరక్కనీ మరిచిపోవాలి కదా, కానీ ఆ మొహం మాత్రం ఇవాళ్టికీ కళ్ళముందే ఉంది. నంబరే పోయింది.

పేర్లు జరుపుతూ జరుపుతూ 'నేను పాతది' దగ్గరికొచ్చింది. సొంత నంబరు నోటికి రాక అప్పట్లో అలా దాచుకుంది. ఆ సిమ్ చచ్చి ఏళ్ళయింది. తీసేసింది.

తలుపు చప్పుడైంది. తీస్తే సూదక్కే నిలబడి ఉంది. మెడలో కొలత టేపు, నోట్లో గుండుసూదులు, జుట్టు ఇంకా నల్లగానే ఉంది.

"త్వరగా మంచినీళ్ళియ్యి. కోటు కుట్టాలి, దుకాణంలో మా కత్తెర నా కోసం చూస్తుంటుంది," అంది పాత సూదక్క, గుండుసూదులు చేతిలోకి తీసుకుని. గ్లాసు అందుకోబోతూ ఆగింది. "కళ్ళకేమైందే నీకు?"

సూదక్క చెప్పింది. కళ్ళ సంగతీ, వెంట మనిషి సంగతీ అంతా చెప్పింది గానీ పోట్లాట సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

"దానికింత ఆలోచనెందుకు? కత్తెరకి ఫోన్ చెయ్యి. అది రాకపోతే ఇంకెవరొస్తారు?"

"నంబరు లేదు."

"ఫోన్‌లో ఉండాలేంటి?" అని పాత సూదక్క అంకెలన్నీ గడగడా అప్పజెప్పింది. తన నంబరు తనకి రాదు గానీ అది మాత్రం నోటికొచ్చు.

సూదక్క ఒక్కో అంకే నొక్కింది. పాత సూదక్క నీళ్ళు తాగేసి, "ఉంటాను మరి," అని గబగబా మెట్లు దిగిపోయింది.

వచ్చిందెవరో సూదక్కకి గుర్తులేదు. ఫోన్‌లో మాత్రం ఏదో నంబరుంది. ఎవరిదా అనుకుంటూ పచ్చ గుర్తు నొక్కింది.

"ఎవరండీ?"

ఆ గొంతు వినగానే సూదక్కకి ఎవరో తెలిసిపోయింది. పెట్టేద్దామనుకుంది, చెయ్యి రాలేదు. "నేనే. కళ్ళు కనబడటం లేదే," అంది. ఆ పైన ఏడుపొచ్చేసింది.

అటువైపు కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఎన్నింటికి రావాలి?" అంది కత్తెరక్క.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. ఆసుపత్రి వాళ్ళు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టింది, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది, రాత్రి అక్కడే పడుకుంది. ఆ మర్నాడు కట్టు విప్పించుకుని ఇంటికొచ్చాక సూదక్క ఆమె మొహం తేరిపార చూసింది.

"ముసలిదానివైపోయావే."

"నువ్వేదో పడుచుదానివైనట్టు."

ఇద్దరూ నవ్వారు.

"నిన్ను తీసేసినా మరిచిపోలేదే, అదేంటో," అంది.

"అదేంటేంటి? ఆ సాయంత్రం చెప్పి వెళ్దామని వచ్చాను. చేతులు నొప్పెట్టేదాకా తలుపు కొట్టాను. లోపల నీ మిషన్ ఆగందే. చెప్పకుండా ఎలా వెళ్ళమంటావు?"

సూదక్క తల దించుకుంది. "ఆ రోజు మిషన్‌లో బట్ట లేదు. ఉత్తదే తొక్కాను."

కత్తెరక్క కంటి చుక్కల సీసా మూత తీసింది.

"మరి ఇప్పుడు చెప్పి వెళ్తావా?"

"తల పైకెత్తు," అంది కత్తెరక్క.