పారుతున్న గొట్టం

రాయపూర్ శివారు మోవాలో పైపుల కొట్టు పెట్టిన ఇరవై ఏళ్లలో కోటయ్య ఒక్క నియమం తప్పలేదు. నీళ్లు పారుతున్న పైపును కదపకూడదు. ఒకసారి విప్పిన జాయింటు మళ్లీ అంత గట్టిగా కూర్చోదు. ఆ నియమమే అతనికి అన్నం పెట్టింది.

సిల్తారా ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు అప్పారావుకు తొంభై తొమ్మిదిలో ఢిల్లీలో కాలేయం మార్చారు. ఎవరో చనిపోయిన మనిషిది. అది బాగానే అతుక్కుంది గానీ, నాళాలు కలిపి కుట్టినచోట సన్నబడి, పైత్యరసం దిగక కళ్లు పసుపెక్కాయి. డాక్టరు నోట్లోంచి కెమెరా గొట్టం దించి, ఆ ఇరుకులో వేలెడు ప్లాస్టిక్ గొట్టం నిలిపాడు. వారంలో పసుపు తగ్గింది.

"మూడు నెలలకు రండి. ఇది పూడిపోతుంది, మార్చాలి" అన్నాడు డాక్టరు హిందీలో. కోటయ్య తలూపాడు. సరుకు అమ్మేవాడు మళ్లీ రమ్మనక ఏమంటాడు అనుకున్నాడు లోపల.

మూడు నెలలు నిండాయి.

"బావగారూ, టికెట్లు తీయరా?" అంది మరదలు సరోజిని.

"ఆడు తింటన్నాడా?"

"తింటన్నారు. డ్యూటీకీ ఎల్తన్నారు."

"చల్ రహా హై కదమ్మా, బాగానే నడుస్తంది! బాగున్నోడి గొంతులో మళ్లీ గొట్టమెందుకు? ఆడికి అదంటేనే హడలు."

అది నిజమే. అయినా ఒక సాయంత్రం అప్పారావు డ్యూటీ నుంచి నేరుగా కొట్టుకొచ్చాడు.

"అన్నయ్యా, ఓసారి ఢిల్లీ ఎల్లొచ్చీదామేటి? ఒళ్లంతా దురదగా ఉంటంది."

కోటయ్య అతని రెప్ప ఎత్తి వెలుతురులో చూశాడు. "పాలలాగున్నాయి కళ్లు. దురదంటావా, అది ఫ్యాక్టరీ దుమ్మురా."

"గ్యారంటీ కార్డిస్తావేటి?" అప్పారావు నవ్వాడు.

"రాసిచ్చెయ్యమంటావా? చాయ్ తాగు ముందు."

ఐదో నెలలో చలిజ్వరం వచ్చింది. మలేరియా అనుకుని నాలుగు రోజులు మాత్రలు మింగించారు. కళ్లు మళ్లీ పసుపెక్కాక రైలెక్కారు. ఢిల్లీలో పాత గొట్టం తీసి డాక్టరు ట్రేలో పెట్టి చూపించాడు. పగల్లేదు, వంగలేదు. లోపల మాత్రం నల్లటి మడ్డి గడ్డకట్టింది. ఆ చివర నుంచి ఈ చివరకు చుక్క వెలుతురు లేదు. కొత్తది వేశారు గానీ, చీము అప్పటికే రక్తంలో కలిసింది. మూడోనాటికి అప్పారావు పోయాడు.

రాయపూర్‌లో కర్మకాండ ముగిసి చుట్టాలు వెళ్లాక, సరోజిని టీ తెచ్చి కోటయ్య చేతికిచ్చింది.

"మీరు కుమిలిపోకండి బావగారూ. గొట్టమంటే ఆయనకే భయం. ఆయనే రానని ఉంటారు."

ఆ మాట పుచ్చుకుంటే చాలు. కాదనేవాడు ఇక లేడు. జీవితమంతా బేరాలాడిన మనిషికి ఇంత చవకగా ఏదీ దొరకలేదు.

"రానన్లేదమ్మా" అన్నాడు. "కొట్టుకొచ్చి ఎల్దామనడిగాడు. నేనే ఒద్దన్నాను."

సరోజిని అతని చేతిలోంచి తాగని గ్లాసు తీసుకుని, లోపలికెళ్లి తలుపు వేసుకుంది.