జిర్కాన్ అంచు

డాన్ ఎవారిస్తో, అంటే ఎవారిస్తో గారు, సాయంత్రం టీకి నా బల్లే వాడుకుంటాడు. మైక్రోస్కోపు పక్కనే రొట్టె విరుస్తాడు, అవకాడో గుజ్జు పూస్తాడు, ముక్కలు రాలుస్తాడు. తుడిచేది నేను. ప్రయోగశాలకు అధిపతి రొట్టె తినడం కూడా ఒక పాఠమేనని ఆయన నమ్మకం.

చిలీలో, కలామా ఊరి అవతల ఎడారిలో కంపెనీ తవ్విస్తున్న గ్రానైట్‌కి వయసు చెప్పింది ఈయనే. ఇరవై తొమ్మిది కోట్ల ఏళ్ళు. అందులోని రాగికి నాలుగు కోట్ల లోపే. అంటే రాగి ఎక్కడినుంచో వచ్చి ఆ పాత రాతి పగుళ్ళలో అద్దెకు దిగింది, గ్రానైట్‌కి దానితో చుట్టరికం లేదు, ఇంకా లోతుకు తవ్వడం దండగ. ఆ మాట నమ్మి సోమవారం డ్రిల్లింగ్ యంత్రాన్ని ఎత్తేస్తామన్నారు. అక్కడ తవ్వాలని పోట్లాడింది నేను. ఆ యంత్రం కదిలితే నా మాట ఇక ఎవరూ వినరు.

రాతి వయసు జిర్కాన్ అనే ఖనిజపు గింజల్లో దాగి ఉంటుంది. ఆ రాతిలోంచి వాటిని మళ్ళీ ఏరి, తెర మీద పెట్టాను. ప్రతి గింజకూ నడుమ బూడిదరంగు ముద్ద, చుట్టూ సన్నటి తెల్లని పొర. పాత రాళ్ళు కరిగి కొత్త గ్రానైట్ అయినా కొన్ని జిర్కాన్లు కరగవు. వాటి మీద కొత్త పొర కడుతుంది. గ్రానైట్ పుట్టుక ఆ పొరలో ఉంది. వయసు కొలవడానికి ఆయన లేజర్‌తో కొట్టిన గుంటలన్నీ నట్టనడుమ ఉన్నాయి.

"మీరు కొలిచింది గ్రానైట్‌ని కాదు డాన్ ఎవారిస్తో. దాని తాతని."

"అంచు మురికి అమ్మాయ్. మధ్యలో కొట్టాలి. నేర్పింది నేనే కదా?"

"అందుకే తెలుసుకోడానికి ఇన్నాళ్ళు పట్టింది."

ఆయన నవ్వాడు. పళ్ళ సందున ఆకుపచ్చ గుజ్జు. "నోరు బాగా పెరిగింది మెలానియా. నా దగ్గర చదివినవాళ్ళలో ఒక్కడైనా అంచు కొట్టాడా?"

"మీ ఎదురుగా ఎవరు కొడతారు?"

"నువ్వు కొట్టావుగా. ఎంతొచ్చింది?"

"నాలుగు కోట్లు. రాగి కంటే రవ్వంత పెద్ద. తల్లి కదా, పెద్దదే అయి ఉండాలి."

"ఒక్క గింజలోనా?"

"కొట్టిన ప్రతి గింజలోనూ."

నమలడం ఆగింది. ఆ ముఖం మీద సిగ్గు ఎలా పాకుతుందో నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. దానికోసమే ఈ పని చేశానేమో కూడా. సిగ్గు రాలేదు. కళ్ళలో లెక్క మాత్రం కదిలింది. నా నివేదిక లాక్కుని, పైన ఒక వాక్యం రాసి, సంతకం పెట్టాడు. ఆయన రాసింది ఇది:

"ఈ గ్రానైటే రాగికి మూలమని నేను మొదటినుంచీ అనుమానిస్తూనే ఉన్నాను."

"ఇది కొట్టేయండి."

"కొట్టేస్తే సంతకం కూడా కొట్టేస్తా. నీ ఒక్కదాని సంతకం చూసి యంత్రాన్ని అక్కడే ఉంచుతారా? వెళ్ళి అడుగు."

అడగలేదు. అలాగే పంపాను. యంత్రం అక్కడే ఉండిపోయింది, ఇంకా లోతుకు దిగుతోంది.

మర్నాడు సాయంత్రం ఆయన రొట్టె పట్టుకుని వచ్చేసరికి బల్ల తుడిచి ఉంది. తుడిచింది నేనే. ఇన్నాళ్ళూ నా ఏవగింపు ఆయన ఒక్కడి మీదే ఉండేది. మోయడం తేలికగా ఉండేది.