నల్లవల టోపీ

తేనెపెట్టెలోని ఏడో చట్రానికి అంటిన మైనాన్ని చౌడప్ప ఉలితో గీకుతున్నాడు. గీకిందంతా ముందున్న చాటలో రాలుతోంది. పక్కన రాళ్లపొయ్యి మీద డబ్బాలో చాకలిసోడా వేసిన నీళ్లు కాగుతున్నాయి. చట్రాన్ని అందులో ముంచి, నూరు లెక్కపెట్టి, పైకి తీసి, కొబ్బరిపీచుతో తోమి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే కర్ర వంకరపోతుంది. పదహారేళ్లుగా చేస్తున్న పనే, కళ్లు మూసుకుని అయినా చేసేస్తాడు.

కానీ ఈ రెండు నెలలుగా తలుపు మూసుకుని చేస్తున్నాడు. తేనె వాసన బయటికి పోతే తేనెటీగలు వెతుక్కుంటూ వచ్చేస్తాయి. మునుపైతే రానీ అనేవాడు. చొక్కా లేకుండా వాటి నడుమ కూర్చుని సద్ది తిన్న మనిషి. టోపీ పెట్టుకొమ్మని ఎవరైనా అంటే, ఈగలకు నా మొహం తెలియకపోతే ఎట్లప్పా అని నవ్వేవాడు. గుడియాత్తంలో అతన్ని అందరూ తేనె చౌడప్ప అనే పిలుస్తారు. ఆ పేరంటే అతనికి కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే ఉంది.

రెండు నెలల కిందట, ఆడి మాసంలో, ఒక ఈగ పెదవి మీద కుట్టింది. వెయ్యిసార్లు కుట్టించుకున్న మనిషికి అదో లెక్కా? కానీ ఆవేళ మొహం వాచిపోయింది, గొంతు పూడుకుపోయింది, ఊపిరి ఆడలేదు. భార్య అంబుజం బస్సులో వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. బతికి బయటపడ్డాడు. డాక్టరు మాత్రం వేలు చూపించి మరీ చెప్పాడు: మీ ఒళ్లు తిరగబడింది, ఇంకొక్కసారి కుట్టించుకుంటే ఇక్కడిదాకా రాలేరు.

తను పనిచేసే సర్కారు తేనె ఆఫీసులో కడుపునొప్పి అని చెప్పుకున్నాడు. ఈగ కుడితే చచ్చిపోయేవాణ్ణి ఈగల పనిలో ఎవరు ఉంచుకుంటారు? అంతకన్నా, తేనె చౌడప్పకు ఈగలంటే భయమట అని సంతలో ఎవరైనా నవ్వితే ఆ మాట వినలేడు. అంబుజం తిట్టింది, ఏడ్చింది, ఆఖరికి ఒక పని చేసింది. ఆఫీసులో ఎవరూ ముట్టని వెదురుటోపీ ఒకటి మూల పడి ఉంటే, దాని చుట్టూ సన్నటి దోమతెర గుడ్డకు నల్లరంగు వేసి భుజాల దాకా దిగేట్టు కుట్టింది. తెల్లవలలోంచి చూస్తే కళ్లు మసకబారతాయి, నల్లవలలోంచి అంతా స్పష్టంగా కనబడుతుంది. ఎవరూ లేనప్పుడు మాత్రమే చౌడప్ప ఆ టోపీ పెట్టుకునేవాడు.

ఇక ఈ ఒక్కరోజు గట్టెక్కితే చాలు. తెల్లారితే ఆంధ్ర రాష్ట్రం వస్తోంది. ఈ ఆఫీసు కింద తేనెపెట్టెలు పెట్టుకున్న రైతుల్లో ముప్పాతిక మంది కొండకు అవతల, చిత్తూరు వైపు వాళ్లే. వాళ్లు ఆంధ్రలోకి పోయాక, మద్రాసు వైపే మిగిలే ఈ ఊళ్లో ఆఫీసు ఎందుకని మూసేస్తున్నారు. సామానంతా శుభ్రం చేసి వేలూరు గోడౌనులో పెట్టాలి. చౌడప్పను ఆ గోడౌనుకే కాపలాదారుగా వేశారు. అక్కడ ఖాళీ పెట్టెలే, ఈగ అన్నది ఉండదు. ఆ ఉత్తర్వు వచ్చిన రోజున అంబుజం మారియమ్మకు కొబ్బరికాయ కొట్టింది.

మధ్యాహ్నం రెండింటికి సూపర్‌వైజర్ సుబ్రమణ్యం చేతిలో జాబితాతో వచ్చాడు. వాలాజా ఊరి మనిషి. తెలుగు వస్తుంది కానీ సగంలో అరవంలోకి జారుకుంటాడు. చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ.

"పెట్టెలు పన్రెండు. యాడ, పదకొండే కదా ఉండాయి?"

"పన్నెండోది పెరట్లో ఉండాది సార్. దాంట్లో ఈగలుండాయి."

"ఇన్నుమా, ఇంకానా? వాటిని తీసకపోతానన్న రైతు రాలేదా?"

"రాలా. రేపు రాష్ట్రం మారతాది, ఈడి ఈగల్ని అటు తీసకపోతే ఎవరన్నా పట్టుకుంటారేమోనని భయపడినాడు."

సుబ్రమణ్యం గడియారం చూసుకున్నాడు. "జాబితాలో పెట్టె ఉండాది, ఈగలు లేవు. గంధకం పొగేసి మూసెయ్యి చౌడప్పా. శీక్రం. బండి నాలుగింటికి వస్తుంది."

చౌడప్ప గూట్లో ఉన్న గంధకం పొట్లం వైపు చూశాడు. మైనం తినే పురుగును చంపడానికి గంధకం వేస్తారు, అదీ ఖాళీ తేనెపట్టు అట్టలకు. ఈగలున్న పెట్టెలో వేయడం అతను ఎన్నడూ చేయలేదు, చేసినవాణ్ణి ఎరగడు. వాళ్ల నాయన కే.వి.కుప్పంలో కుండల్లో ఈగలు పెంచినవాడు. ఆ ఇంట్లో ఈగలున్న కుండ దగ్గర గట్టిగా అరవడానికి కూడా పిల్లలకు భయమే.

"పెట్టె రేపు పొద్దున ఖాళీగా కడిగి అప్పజెప్తా సార్. నేనే మొదటి బస్సులో వేలూరికి తెస్తా."

"ఈగలు?"

"కుండలోకి మారుస్తా. పొద్దు గూకినాక. ఇప్పుడైతే సగం ఈగలు మేతకు పోయినాయి. వచ్చి చూసుకుంటే ఇల్లుండదు వాటికి."

సుబ్రమణ్యం సరేనన్నట్టు తల ఊపాడు. "పెట్టె మాత్రం రేపు రావాల."

నాలుగింటికి బండివాడు కాశి రెండెడ్ల బండి తెచ్చాడు. సుబ్రమణ్యం జాబితా చదువుతుంటే చౌడప్ప ఒక్కొక్కటే అందిస్తున్నాడు. పదకొండు పెట్టెలు. తేనె తీసే డ్రమ్ము. ఉలులు. చిన్న సామాన్లన్నీ ఒక ట్రంకుపెట్టెలో, అడుగున వేపాకు పరిచి.

"పొగడబ్బా రెండు."

"ఒకటి రాత్రికి కావాల సార్. పెట్టెతోపాటు తెస్తా."

"సరి. టోపీ ఒకటి."

చౌడప్ప చెయ్యి ఆగింది. టోపీ మేకుకు వేలాడుతోంది. నిన్ననే ఉతికాడు, వలను ఇస్త్రీ చేసినట్టు మడిచి మేకుకు తగిలించాడు. ఇదీ రాత్రికి కావాలి సార్ అనడానికి నోరు తెరిచాడు కూడా. కానీ పొగడబ్బా ఎవరికైనా కావాలి. టోపీ తేనె చౌడప్పకు ఎందుకు? బండి చక్రం దగ్గర నిలబడి కాశి అప్పటికే నవ్వుతున్నాడు.

"ఏం మామా, ముసుగేసుకుంటాండావా ఈ మధ్య?"

"ఆఁ, పెళ్లికూతుర్ని గదా," అన్నాడు చౌడప్ప. మేకు మీంచి టోపీ తీసి, వల మడతల్లో వేపాకు పెట్టి, ట్రంకులో అన్నిటికన్నా పైన ఉంచాడు. టోపీ సర్కారుదే. వల మాత్రం అంబుజందే, నాలుగు కుట్లు విప్పితే ఊడి వచ్చేది. ఆ సంగతి సుబ్రమణ్యంతో సహా బండి మలుపు తిరిగాక తట్టింది. పరుగెత్తితే అందుకోవచ్చు. పరుగెత్తి ఏమని అడగాలి? అడుగు ముందుకు వేసి మళ్లీ వెనక్కి వచ్చేశాడు. ఆ నిమిషం తన మీద తనకే కోపం వచ్చింది.

గంధకం పొట్లం గూట్లోనే ఉంది. ఒక చిటికెడు వేస్తే పని అయిపోతుంది, అడిగేవాడు లేడు. చౌడప్ప పొట్లం చేతిలోకి తీసుకున్నాడు, పెరటి గడప దాకా వెళ్లాడు. పన్నెండో పెట్టె గుమ్మం ముందు ఈగలు కాళ్లకు పసుపు అంటించుకుని ఒకదాని వెనుక ఒకటి దిగుతున్నాయి. మళ్లీ వచ్చి పొట్లం గూట్లో పెట్టేశాడు.

పొద్దు వాలింది. కుండకు లోపల మైనం రుద్ది, వెదురుబద్దలు అడ్డం పెట్టి సిద్ధం చేసుకున్నాడు. మొహానికి కండువా చుట్టుకుని కళ్లొక్కటే బయట ఉంచాడు. పొగడబ్బాలో కొబ్బరిపీచు రాజేసి, గుమ్మం దగ్గర రెండు పొగలు ఊది మూత ఎత్తాడు.  

మొదటి అట్ట వచ్చింది. ఈగలతో సహా కోసి, అరటినారతో బద్దకు కట్టి కుండలో వేలాడదీశాడు. రెండోది. మూడోది. ఒక ఈగ ముంజేతి మీద నడిచింది. ఊపిరి బిగబట్టి, అది మోచేతి దాకా పోయి ఎగిరేదాకా కదలలేదు. నాలుగో అట్ట మీద రాణి ఉండాలి. రాణి కుండలోకి పోతే మిగతావన్నీ దాని వెంటే పోతాయి, పోకపోతే ఇంతసేపు చేసిందంతా వృథా. వెలుతురు తగ్గింది. కండువా అంచు కళ్లకు అడ్డం పడుతోంది, పొగకు నీళ్లు కారుతున్నాయి, ఏ ఈగ ఏదో తెలియడం లేదు. ఒకసారి వెతికాడు, రెండోసారి వెతికాడు. నల్లవల ఉంటే ఈపాటికి కనబడేది.

కండువా పీకి భుజం మీద వేసుకున్నాడు.

అప్పుడు కనబడింది. పొడుగ్గా, ముదురుగోధుమ రంగులో, అట్ట అంచున తాపీగా నడుస్తోంది. చౌడప్ప మొహం విచ్చుకుంది. "దా తల్లీ, దా," అంటూ ఆ ముక్కను కుండలో కట్టాడు. పెట్టెలో మిగిలినవి ఒక్కొక్కటే గుమ్మం వెతుక్కుంటూ కుండలోకి దారి పట్టాయి. పెట్టె ఉన్న చోటనే కుండను పెట్టి మూతికి బట్ట కట్టాడు. కుట్టింది అప్పుడే, చెవి వెనుక. తల తుడుచుకోవడానికి ఎత్తిన కండువా మడతలో చిక్కుకున్న ఈగ అది.

ముల్లును గోటితో గీకి తీసేశాడు. ఆసుపత్రికి పోను జట్కా దొరకాలంటే సంతపేట దాకా పోవాలి. నాలుగు అడుగులకు మించి పోలేకపోయాడు. వచ్చి పెరటి బావి గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు.

అంబుజం సంగటి గిన్నె తీసుకుని వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. మొహం చూడగానే గిన్నె కింద పెట్టేసింది.

"టోపీ యాడయ్యా? టోపీ పెట్టుకోలేదా నువ్వు?"

"బండిలో... పంపిచ్చేస్తి." గొంతులోంచి మాట సన్నగా వచ్చింది. "జాబితాలో ఉండె."

"అడిగుంటే ఇచ్చుండరా? ఒక్క మాట అడిగుంటే!"

చౌడప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయి, కుండ వైపు చూపించాడు. లోపల ఈగలు కొత్త ఇంట్లో సర్దుకుంటున్న సన్నటి రొద. ఆమె వీధిలోకి పరుగెత్తి, కేకలేసి, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేలోపల అతని తల పక్కకు వాలిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వేలూరు గోడౌనులో గుమాస్తా సామాను సరిచూసుకున్నాడు. పెట్టెలు పదకొండే వచ్చాయని విసుక్కున్నాడు. ట్రంకు మూత తీసి, టోపీ ఒకటి అన్న చోట గీత పెట్టి, మళ్లీ మూసేశాడు. లోపల నల్లవల మడతల మధ్య వేపాకు ఇంకా వాడలేదు.