రెబ్కా చూసిన లోకం

రెబ్కాకి లోకమంతా మెత్తగా ఉండేది. చెట్టుకి ఆకులుండవు, ఆకుపచ్చని పొగ ఉంటుంది. మనుషులకి ముఖాలుండవు, రంగు చీరలూ తెల్ల పంచెలూ వాటంతటవే నడిచిపోతుంటాయి. చందమామ ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి జారిపోతున్న నాలుగైదు చందమామలు. మిరప కోతల కాలంలో దర్శి అవతల వాళ్ళ ఊరి పొలాల్లో కాయలు ఆరబోస్తే, ఎరుపు ఎక్కడ ఆగుతుందో ఆకాశం ఎక్కడ మొదలవుతుందో ఆ పిల్లకి తెలిసేది కాదు. సాయంత్రమయ్యేసరికి ఆ ఎరుపే నెమ్మదిగా లేచి మబ్బుల్లోకి ఎక్కిపోయేది. అందరికీ ఇట్లాగే కనిపిస్తుందనుకుంది రెబ్కా. అనుకోదూ మరి! పుట్టినప్పటి నుంచీ ఆ కళ్ళే గదా.

కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, నీళ్ళు కారేవి, చికిలించుకుని చూసేది. ఆ ఊళ్ళో అదేమన్నా వింతా? కాయల కాలంలో కళ్ళు ఎర్రబడని వాళ్ళెవరు? ముసలీ ముతకా, చంటిపిల్లలతో సహా అందరూ కళ్ళొత్తుకుంటూ తిరిగేవాళ్ళే. "మంట" అనేది తల్లి ఎలీసమ్మ. పొద్దుగూకాక పిల్లని చాప మీద పడుకోబెట్టి, రెండు కళ్ళ మీదా నందివర్ధనం పూలు పెట్టేది. ఆ చల్లదనం కింద రెబ్కా పొలాల మీదుగా హాయిగా తేలిపోతుండేది. కోతలైపోయాక కూడా కళ్ళు అట్లాగే ఉంటే ఎండాకాలం దుమ్మనేవాళ్ళు. అంతటితో సరి.

ఏడో తరగతికి వచ్చినా, బోర్డు మీద రాసిన అక్షరం రెబ్కా ఎన్నడూ చూసి ఎరగదు. పక్కన కూర్చునే జాన్‌బీకి ఏది రాసినా సన్నగా పైకి చదువుకుంటూ రాసే అలవాటు. రెబ్కా అది విని రాసేది. లెక్క చెవిన పడితే చాలు, జాన్‌బీ కంటే ముందే చేసి కూర్చునేది. చదువంటే అంత ప్రాణం. బడంటే చెవులతో ఉండే చోటని ఆ పిల్ల నమ్మకం.

ఎనభై ఆరులో ఆ బడికి జక్రయ్య మాష్టారు కొత్తగా వచ్చాడు. మంచివాడే, కాకపోతే మహా పట్టుదల మనిషి. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు ముంచుకొస్తున్నాయని బోర్డు మీద లెక్కలు రాసి పరీక్ష పెట్టాడు. జాన్‌బీ గొణుగుడు వినపడింది.

"ఏమ్మాయ్, కబుర్లా? లేచి ఆ గోడ దగ్గర కూర్చో" అని రెబ్కాని లేపేశాడు.

గోడ దగ్గర ఏ శబ్దమూ లేదు. రెబ్కా తెల్లకాగితం ఇచ్చింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

"అయితే ఇన్నాళ్ళూ జాన్‌బీది చూసి రాశావన్నమాట" అన్నాడు మాష్టారు.

"చూళ్ళేదండి" అంది రెబ్కా.

నిజమే చెప్పింది పాపం. నమ్మేదెవరు?

సంగతి తెలిసి ఎలీసమ్మ వీపు మీద గట్టిగా ఒక్కటిచ్చింది. "నా పిల్ల టీచరవుద్దని ప్రభువు గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పుకున్నా గదే! నా పరువు తీశావు. ఇంక బడీ లేదు గిడీ లేదు, రేపట్నుంచి నాతో కల్లంలోకి నడు" అంది. రెబ్కా ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఆ రోజు పూలు పెట్టేవాళ్ళు లేరు.

కల్లంలో తాలుకాయలు ఏరే పని. ఎర్రకాయల్లోంచి తెల్లబారినవి తీసి పక్కన పడెయ్యాలి. రెబ్కా కుప్పలో ముఖం పెట్టి ఏరేది. అంత దగ్గరగా అయితే ప్రతి కాయా, తొడిమా చక్కగా కనిపించేవి. ఘాటు మాత్రం నేరుగా గొంతులోకి దిగేది.

"కొరుక్కు తింటావా ఏందే, ముఖమెత్తు!" అని కసిరేవాళ్ళు ఆడవాళ్ళు.

పిల్ల బడికి రాకపోయేసరికి మాష్టారికి మనసు పీకింది. ఓ సాయంత్రం ఎండకి తలమీద తువ్వాలు కట్టుకుని కల్లానికొచ్చాడు. రెబ్కా తలెత్తి, "బుడాన్ మామా, అప్పుడే బండి తెచ్చావా?" అంది.

కల్లమంతా గొల్లుమంది. బస్తాలు తోలే బుడానెక్కడ, మాష్టారెక్కడ? బుడాన్‌కి రొమ్ము దాకా తెల్లగడ్డం! మాష్టారొక్కడే నవ్వలేదు.

"నేనమ్మా" అన్నాడు.

గొంతు వినగానే రెబ్కా హడలిపోయి లేచి నిలబడింది.

"ఆ కుప్ప పక్కన ఉన్నదెవరు?"

"మా అమ్మండి. నీలం చీర."

"చీర కాక ఇంకేం కనపడుతోంది?"

"ఇంకేముంటదండీ, అంత దూరం నుంచి?" అంది రెబ్కా అమాయకంగా.

మాష్టారు ఉన్నచోటే కూలబడ్డాడు. "దేవుడా, పిల్లని తీసుకెళ్ళి గోడ దగ్గర పడేశానే" అన్నాడు.

కళ్ళ డాక్టరుకి చూపించి జోడు పెట్టిద్దామంటే ఎలీసమ్మ మాత్రం ఒక పట్టాన వినలేదు. "కళ్ళజోడా? ఆడపిల్లకి జోడు తగిలిస్తే గుడ్డిదనరూ? అది మంట మాష్టారూ. మాకందరికీ లేదా?"

"అందరికీ ఉండబట్టే ఎలీసమ్మా, దీని సంగతి ఎవరికీ తెలీలేదు. ఒక్కసారి గుంటూరు రా. డాక్టరు కూడా మంటే అంటే, నేనింక నోరెత్తను."

"ఆ మాట మీదుండండి మరి. మంటే అన్నాడా, ఇది కల్లంలోకే" అంది ఎలీసమ్మ.

ఎర్రబస్సులో రెబ్కా కిటికీ పక్కన కూర్చుంది. పత్తిచేలు తెల్లగా, నురగలా వెనక్కి పోతున్నాయి. ఇది ఎప్పటికీ ఆగకపోతే బాగుండుననుకుంది. డాక్టరు మంటే అన్నాడంటే మళ్ళీ కల్లమే గదా!

గుంటూరు బ్రాడీపేటలో డాక్టరు ఆ పిల్ల ముక్కు మీద బరువైన ఇనప చట్రం పెట్టి, అద్దాలు మార్చి మార్చి వేశాడు. ఎదుటి గోడ మీది తెల్లదనంలోంచి అక్షరాలు ఒక్కొక్కటే నిద్రలేచి నిలబడ్డాయి. రెబ్కా చదివింది. దాని కిందిదీ చదివింది. అన్నిటికన్నా కింద చీమల్లా ఉన్నవి కూడా చదివేసి, సంబరంగా అమ్మ వైపు తిరిగింది.

తిరిగి, అట్లాగే ఉండిపోయింది.

ఎలీసమ్మ చీకటితో లేచి పనికి పోయే మనిషి, చీకటి పడ్డాక గానీ రాదు. ఆ ముఖం పగటి వెలుగులో అంత స్పష్టంగా చూడటం రెబ్కాకి అదే మొదలు. చెంపలు ఎండకి కమిలి ఉన్నాయి. పెదాలు పగిలాయి. కనుబొమల మధ్య లోతుగా ఒక గీత.

"అమ్మా" అంది రెబ్కా, "నువ్వెప్పుడూ నవ్వుతా ఉంటావనుకున్నానే."

ఎలీసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. మాష్టారి వైపు తిరిగింది. "నా ముఖం కూడా తెలీని పిల్లనా మాష్టారూ నేను కొట్టింది? ఇది ఇంక కల్లంలోకి రాదు. నేను రానియ్యను" అని భోరుమంది.

రెబ్కా చట్రాన్ని కాస్త పైకెత్తి చూసింది. అమ్మ మెత్తగా, ముడతల్లేకుండా, నవ్వుతూ ఉంది. దించి చూసింది. అమ్మ ఏడుస్తోంది.

"బరువుగా ఉందామ్మా, తీసెయ్యనా?" అన్నాడు డాక్టరు.

"వద్దండి" అంది రెబ్కా. "ఉంచండి. మా అమ్మని చూడాలి."