కోరా చట్టం బరువు

కోరా చట్టం నెగ్గింది. కోరాను చంపిన తుపాకి మాత్రం అందులో లేదు. ఆ సంగతి మార్లిస్‌కు బుధవారం పొద్దున కాగితం చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది.

శాసనసభ భవనం కింది అంతస్తులో ఆమె ఇరవయ్యారేళ్ళుగా చట్టాల ముసాయిదాలు రాస్తోంది. ఎనిమిదింటికల్లా వచ్చి, కాఫీ పోసుకుని, పైనుంచి దిగిన కాగితాలు సర్దుకుంటుంది. అక్కడ ఏ కాగితమైనా తాను చెప్పే వస్తువంత బరువుంటుంది. గడ్డి కోసే యంత్రాల మీద పన్ను బిల్లు వచ్చిందంటే తోపుడుబండీ, ఇద్దరు మనుషులూ కావాలి. తేనెటీగల బిల్లు మీద స్టేప్లర్ పెట్టకపోతే లేచిపోయి ఫ్యానుకు చుట్టుకుంటుంది. నడుంనొప్పి లేనివాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

కోరా ఆమె చెల్లెలు డోరీన్ కూతురు. పోయినేడు సరుకుల దుకాణంలో వరసలో నిలబడి ఉండగా ఒకడు రైఫిల్‌తో లోపలికొచ్చి కాల్చేశాడు. సెనేటర్ బ్రూనర్ అంత్యక్రియలకు వచ్చి, డోరీన్ రెండు చేతులూ పట్టుకుని, "అలాంటి తుపాకి ఈ రాష్ట్రంలో ఇక అమ్మనివ్వను," అన్నాడు.

మార్లిస్ రాసిన మొదటి ముసాయిదా కోరాను చంపిన రైఫిలంతే, సరిగ్గా ఏడు పౌండ్లు తూగింది. పైన 'తుపాకుల నియంత్రణ' అని పెట్టింది. జనవరిలో బ్రూనర్ మెట్లు దిగి వచ్చాడు.

"నియంత్రణ అంటే పల్లెలవాళ్ళు నా మొహాన తలుపేస్తారు మార్లిస్. భద్రత అందాం. మాటే కదా."

మార్చింది. బరువు తగ్గలేదు. తర్వాత 'దాడి ఆయుధం' అన్న మాట మీద కమిటీ మూడు వారాలు కొట్టుకుంది. అలాంటి ఆయుధమే లేదు, అది టీవీవాళ్ళ మాట, క్రీడా రైఫిల్ అనండి అని ఒక పక్క. దాంతో ఏ ఆట ఆడతారో చెప్పండి అని ఇంకో పక్క. గొంతు పోయిన ఒకాయన చివరికి సైగలతో వాదించాడు. ఆ మూడు వారాల్లో కోరా పేరు ఎవరూ ఎత్తలేదు. బ్రూనర్ మళ్ళీ వచ్చి, 'నిర్దేశిత రైఫిల్' అని రాయమన్నాడు. ఏ రైఫిలో కింద నిర్వచనంలో చెబుదామన్నాడు. అదీ రాసింది. ఏడు పౌండ్లే ఉంది. మాటలు పోతే పోయాయి, తుపాకి చేతిలోనే ఉందిగా అనుకుంది. అక్కడే మోసపోయింది.

సోమవారం కమిటీవాళ్ళు తలుపులు మూసుకుని నిర్వచనం తామే తిరగరాసుకున్నారు. మంగళవారం ఓటు. బుధవారం శుభ్రప్రతి కోసం బల్ల మీదికొచ్చిన కాగితం బస్సు టికెట్టంత కూడా లేదు. చదివింది. కింద చెప్పిన ఐదు భాగాల్లో నాలుగు ఉన్నదే నిర్దేశిత రైఫిలట. నాలుగున్నవి చేయడం కంపెనీలు ఎప్పుడో మానేశాయి. కోరాను చంపినదానికి రెండే ఉన్నాయి.

ఆమె కాగితం పట్టుకుని పైకి వెళ్ళింది.

"ఓట్లు చాల్లేదు," అన్నాడు బ్రూనర్. "ఇదీ లేకపోతే మన చేతిలో ఏమీ ఉండేది కాదు."

"ఇప్పుడేముంది?"

"పేరుంది. కోరా పేరు." గొంతు తగ్గించాడు. "శుక్రవారం మీ చెల్లెలు మొయ్యాలి కదా. అట్టలో సీసం పలక ఒకటి పెట్టించండి. ఇంతకు ముందూ పెట్టాం. ఇంటివాళ్ళకు తేడా తెలీదు."

ఎవరి పేరు పెడితే వాళ్ళ ఇంటిమనిషే చట్టాన్ని సభలోంచి గవర్నర్ బల్ల దాకా మోసుకెళ్ళడం అక్కడి ఆనవాయితీ. అలా ఏడుస్తూ మోసుకెళ్ళిన తల్లులను మార్లిస్ చాలామందిని చూసింది. వాళ్ళలో ఎందరు సీసం మోశారో అడగాలనుకుంది, అడగలేదు.

మధ్యాహ్నం కాగితం నకలు తీసుకుని చెల్లెలింటికి వెళ్ళింది. నెల్లాళ్ళుగా చేస్తున్నట్టే డోరీన్ ఏడు పౌండ్లయ్యేలా పిండి సంచీ మీద చక్కెర పొట్లం పెట్టి ఎత్తుకుని వంటింట్లో అటూ ఇటూ నడుస్తోంది.

"అడ్డం తప్పుకో అక్కా, పదో చుట్టు. గవర్నర్ ముందు చేతులు వణికాయంటే నీ పరువే పోతుంది."

మార్లిస్ సంచీ దింపి, ఆమె అరచేతిలో కాగితం పెట్టింది.

"ఏంటిది, ఆహ్వానమా? చట్టమేదీ?"

"ఇదే."

డోరీన్ ఊపిరికి కాగితం అంచు లేచింది.

"రాసింది నువ్వే కదా."

"చివరి ముక్క వాళ్ళు రాశారు. అంతకుముందు మాటలు మార్చింది నేనే. మొదటిది మార్చమన్నప్పుడే నిన్ను అడగాల్సింది."

"అడిగితే ఒప్పుకునేదాన్నా?"

"లేదు."

"అందుకే అడగలేదు."



డోరీన్ వంటింటి బల్ల దగ్గరే కూర్చుని ఉత్తరం రాసింది: నా కూతురి పేరు తీసేయండి. పేరు ఇంటివాళ్ళది కాబట్టి ఆ ఒక్క ఉత్తరం చాలు. శుక్రవారం చట్టాన్ని ఎవరూ మొయ్యలేదు, ఫైళ్ళ ట్రాలీలో వెళ్ళింది. ఫోటోల్లో బ్రూనర్ ఒక్కడే నవ్వాడు. నవంబరు ఎన్నికల్లో మళ్ళీ గెలిచాడు కూడా. డోరీన్ అక్కతో మాట్లాడటానికి పదమూడు నెలలు పట్టింది.

ఆ శుక్రవారం తర్వాతి సోమవారమే మార్లిస్ తన బల్ల పక్కన ఇంకో కుర్చీ వేయించింది. మనిషి పేరు పెట్టిన బిల్లు ఏది వచ్చినా, ఆ ఇంటివాళ్ళు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే తప్ప అందులో ఒక్క మాట మార్చనని పైకి రాసి పంపింది. సెనేటర్లు ఆలస్యమవుతోందని గొణిగారు, రెండుసార్లు ఫిర్యాదు చేశారు, ఒకసారి జీతం పెంపు ఆపారు. రిటైరయ్యే దాకా, పదకొండేళ్ళు, ఆమె ఆ నియమం మార్చలేదు.