ఉదయలక్ష్మి చెల్లని ఓటు

ఆదివారం మధ్యాహ్నం ఉదయలక్ష్మి గరాజ్‌లో పీట వేసుకుని గ్రైండర్‌లోంచి ఇడ్లీ పిండి తీస్తోంది. దేశంకాని దేశం వచ్చి, టార్నీట్ అనే ఈ శివారులో ఇల్లు కట్టించుకున్నప్పుడు వంటింట్లో పొడుగాటి రాతి బల్ల, రెండు సింకులు, అన్నీ పెట్టించారు. కానీ గ్రైండర్ చప్పుడుకి టీవీ వినబడటం లేదని అచ్యుత్ దాన్ని గరాజ్‌లోకి సాగనంపాడు. దాంతోపాటు పెళ్ళాం కూడా గరాజ్‌లోకి వెళ్ళాల్సి వస్తుందని అతనికి తట్టలేదు. చెడ్డవాడు కాదు పాపం. తట్టదు, అంతే.

ఒళ్ళో ఫోన్ ఉంది. గురువారం వచ్చిన ఈమెయిల్‌ని ఆమె ఎన్నోసారి తెరిచిందో లెక్కలేదు. నవంబర్ ఆఖరి శనివారం రాష్ట్ర ఎన్నికలు. దగ్గర్లోని ప్రైమరీ స్కూల్లో పోలింగ్ డ్యూటీకి ఆమెను తీసుకున్నారు. పొద్దున ఏడింటికి మొదలుపెడితే లెక్కింపు అయ్యేదాకా ఉండాలి. వస్తానో రానో ఈ సాయంత్రం ఐదింటిలోపు చెప్పాలి. అప్లికేషన్ పెట్టినప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈమెయిల్ వచ్చాక చెబితే అచ్యుత్ తలెత్తకుండానే అన్నాడు.

"శనివారం మొత్తమా? ఆ రోజే కదనే మనోళ్ళను పెరట్ల బార్బెక్యూకి పిలిచింది. పద్దెనిమిది మంది. నువ్వు లేకుంటే ఎట్ల?"

"సరే, మీ ఇష్టం," అంది ఉదయలక్ష్మి. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె ఎక్కువసార్లు అన్న మాట ఇదే అయ్యుంటుంది. కూరకీ అదే జవాబు, గోడల రంగుకీ అదే జవాబు. మరి సరే అన్న మనిషి, రానని ఆ ఈమెయిల్‌కి రాసి పారేయొచ్చుగా? అదీ చేతకాలేదు.

ఇక్కడికి రాకముందు ఆమె నల్గొండ జిల్లాలో సర్కారు బడి టీచరు. ఎన్నికలంటే మిగతా టీచర్లు డాక్టర్ల దగ్గరికి పరిగెత్తి జ్వరం సర్టిఫికెట్లు తెచ్చుకునేవాళ్ళు. ఈమెకి మాత్రం అది పండగ. ముందురోజే ఓట్ల డబ్బాలతో సహా లారీ ఎక్కి, ఏదో ఊళ్ళో బడి గచ్చు మీద చాప పరుచుకుని పడుకుని, తెల్లారి ఊరందరి వేళ్ళకీ సిరా రాయడం! పెళ్ళయ్యాక అత్తగారు శేషుకుమారి, "ఇంటి కోడలు పరాయి ఊళ్ళె బళ్ళ పండుకునుడేంది?" అని తనే సర్టిఫికెట్ రాయించి డ్యూటీ రద్దు చేయించింది. ఇక్కడ ఓటంటే పేర్ల పక్కన ఇష్టం వరసలో అంకెలు వేయాలి. పౌరసత్వం వచ్చాక మొదటి ఓటుకి, ఏ గడిలో ఏ అంకె వేయాలో అచ్యుత్ వాట్సాప్‌లో ఫొటో పంపాడు. "నీకు సమజ్ కాదు గని, చూసి దింపు." చూసి దింపింది. ఊళ్ళకి ఊళ్ళకే ఓటు వేయడం నేర్పిన మనిషి. ఆ రోజు ఎంత సిగ్గేసిందో ఎవరికీ చెప్పలేదు.

"అమ్మా, కమ్ క్విక్! పోలింగ్ ఓపెన్!"

అమృత కేక. పదకొండేళ్ళ కూతురు. బళ్ళో ప్రజాస్వామ్యం పాఠం నడుస్తోంది. ఇంట్లో ఏదైనా నిజమైన సంగతి మీద ఎన్నిక జరిపి ఫలితం రాసుకురమ్మని హోంవర్క్ ఇచ్చారు. "ఆ శనివారం ఏం చేద్దామో పెట్టు బిడ్డా," అన్నాడు అచ్యుత్, తనదే గెలుపన్న ధీమాతో.

ఉదయలక్ష్మి చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళింది. డైనింగ్ టేబుల్ మీద మూతకి చిల్లు పెట్టిన చెప్పుల డబ్బా ఉంది. చీటీలో నాలుగు గడులు. బార్బీ, అంటే బార్బెక్యూ, డాడీది. గుడి, నానమ్మది. బీచ్, అమృతది. నాలుగోది ఆమె రెండుసార్లు చదివింది. అమ్మ ఎలక్షన్ డ్యూటీ.

"ఇది నిన్నెవరు పెట్టమన్నరే?"

"నోబడీ. ఐ నామినేటెడ్ యు. ఆ ఈమెయిల్ నువ్వు ఓపెన్ చేస్తూనే ఉన్నవ్, ఐ సా."

ఎన్నికల అధికారి కూడా అమృతే. బాగా కావాలనుకున్నదానికి ఒకటి, తర్వాతదానికి రెండు, అలా నాలుగు గడులూ నింపాలి. ఒక్కటి ఖాళీగా వదిలినా ఓటు చెల్లదు. సరుకుల గది పోలింగ్ బూత్. ఒక్కొక్కరే వెళ్ళి తలుపేసుకోవాలి.

ఉదయలక్ష్మి కందిపప్పు డబ్బాల మధ్య పెన్సిల్ పట్టుకుని నిలబడింది. బార్బీకి నాలుగు వేస్తే ఆయన మొహం చిన్నబోతుంది. గుడికి వేస్తే అత్తమ్మ నొచ్చుకుంటుంది. బీచ్‌కి వేస్తే పిల్ల ఏడుస్తుంది. తన పేరు పక్కన ఒకటి వేసుకోవడమా, అబ్బే, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? చివరికి గడులన్నీ వదిలేసి, కింద రెండు మాటలు రాసి మడత పెట్టింది.

అమృత డబ్బా బోర్లించి లెక్క మొదలుపెట్టింది. "బార్బీకి వన్. బీచ్‌కి వన్. అమ్మ డ్యూటీకి వన్. గుడికి జీరో." నాలుగో చీటీ విప్పి, తెలుగు కూడబలుక్కుని చదివింది. "మీ... ఇష్టం."

అచ్యుత్ పగలబడి నవ్వాడు. "మీ అమ్మ ఓటు ఎప్పుడూ మనకేనే!"

అమృత నవ్వలేదు. "దిస్ ఓట్ ఈజ్ నాట్ వ్యాలిడ్. మా మిస్ టూ రీజన్స్ చెప్పింది. ఐదర్ యు డోంట్ నో, ఆర్ యు డోంట్ కేర్. అమ్మా, విచ్ వన్?"

ఉదయలక్ష్మికి ఒక పంచాయతీ ఎన్నికలో ఓటేసి బయటికొచ్చిన ముసలమ్మ గుర్తొచ్చింది. "ఒకల్ని కాదంటే ఇంకొకల మొఖం ఎట్ల జూడాలె బిడ్డా? అందరికీ గుద్దిన," అందామె గర్వంగా. "అందరికీ వేస్తే ఎవరికీ వేయనట్టే అవ్వా," అని బడి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది ఈ ఉదయలక్ష్మే. ఇప్పుడు ఆ అరుగు మీద తనే కూర్చుంది.

అంతలో ఇంకోటి తట్టింది. బార్బీ ఓటు అచ్యుత్‌ది. బీచ్ ఓటు పిల్లది. మరి తన డ్యూటీకి ఒకటి వేసిందెవరు? గుడి పేరు పెట్టిన మనిషే గుడికి వేయలేదు. సోఫాలో శేషుకుమారి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల వంచుకునే ఉంది.

"అత్తమ్మా..."

"ఏందే? ఓటు ఎవలకేసినవని అడగొద్దు. డ్యూటీ జేసినదానివి, గంత తెల్వదా?"

ఉదయలక్ష్మికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మంచి మనుషులు వీళ్ళు! అయినా ఇన్నేళ్ళూ వీళ్ళు కాదంటారేమోనని ముందే తనే కాదనుకుంటూ వచ్చింది.

అమృత కొత్త చీటీ చేతిలో పెట్టింది. "వన్స్ మోర్, అమ్మా. ప్లీజ్."

ఆమె చీటీ తీసుకుని నాలుగో గడి మీద అడ్డంగా గీత కొట్టింది. "మీ మిస్‌తో చెప్పు, మూడో కారణం కూడా ఉంటుందని. భయం. బీచో గుడో బార్బీనో నలుగురం ఓటేసుకుందాం బిడ్డా. ఈ నాలుగోది మాత్రం ఇంట్లో ఓటుకి పెట్టేది కాదు. నాది."

ఫోన్ తీసి, ఒప్పుకుంటున్నానన్న చోట వేలు పెట్టి నొక్కింది. నాలుగూ నలభై అయింది.

అచ్యుత్ నవ్వు ఆపేశాడు. కోపం లేదు మొహంలో, పాపం నిజంగానే కంగారు పడ్డాడు.

"అగో, మరి పద్దెనిమిది మందిని పిలిస్తినిగదనే! ఆ రోజు వంటెట్ల? ఏం పెడదం వాళ్ళకి?"

ఉదయలక్ష్మి అతని భుజం తట్టింది, ప్రేమగానే.

"మీ ఇష్టం," అంది.