తైమీ అంత్యక్రియలకు కాఫీ ఎవరు పెడతారు

చన్నీళ్లు పోయడం మరిచిపోతుంది హిల్మా, ఇవాళ తన బదులు కాఫీ పెట్టేది ఆమే, తప్పకుండా మరిచిపోతుంది, గుడ్డును పెంకుతో సహా నలిపి కాఫీ పొడిలో కలపడం వరకు ఎవరికైనా వస్తుంది, మరిగి పొంగాక దించి గ్లాసుడు చన్నీళ్లు పోస్తేనే కదా మడ్డంతా అడుక్కి దిగేది, లేకపోతే తైమీ అంత్యక్రియలకు వచ్చిన ఊరు ఊరంతా పళ్ల సందుల్లో పొడి నములుకుంటూ ఇళ్లకు పోతుంది, ఫోన్ చేసి చెబుదామంటే చర్చి కింద వంటగదిలో ఫోన్ అందదు, అందినా ఆ పొగరుబోతు ఎత్తదు, అనుకుంటూ ఐలీ వాకర్‌ను వంటగది నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి వంటగది దాకా ఈడుస్తూనే ఉంది, వీధి చివర చర్చి ముందు అప్పుడే నాలుగు కార్లు ఆగాయి, పదకొండు గంటలకు ప్రార్థన మొదలు, తెర పూర్తిగా తీసి చూడాలని ఉంది గాని తీయదు, ఎవరైనా చూస్తే, చూస్తే ఏమవుతుందో తను తుంటి విరిగి ఇంటికొచ్చిన మొదటి వారమే హిల్మా చెప్పింది, ఏమే ఐలీ, నువ్వు గడప దాటావంటే మెడికేర్ వాళ్లు నీ ఫిజియోథెరపీ మాన్పించేస్తారు జాగ్రత్త, ఇల్లు కదల్లేని వాళ్లకేనంట ఇంటికి మనిషిని పంపేది, పై వీధిలో ఒకావిడ కొట్టుకెళ్లి గుడ్లు కొంటూ కనపడిందంట, అంతే, మర్నాటి నుంచి బంద్.

గుడ్లు కొన్నందుకు బంద్ ఏమిటి, మొగుడు ఆర్వో గనిలో ముప్పై ఏళ్లు, తను స్కూలు బస్సు నడుపుతూ ఇరవై ఆరేళ్లు, ప్రతి జీతంలోనూ కోయించుకుంటే వచ్చిన సర్కారు బీమా అది, ఎవరి జేబులోంచో ఇచ్చే ధర్మం కాదు, అయినా భయమే, తుంటి విరిగిన నాడు ఆసుపత్రి మంచం మీద పడి పైకప్పు చూస్తూ ఇక ఇంతే అనుకున్న మనిషిని వాకర్ దాకా తెచ్చింది ఫిజియోథెరపీ చేయించే రెనే, వారానికి రెండుసార్లు వస్తుంది, డాక్టరు అరవై రోజులకోసారి కాగితం మీద సంతకం పెడతాడు, ఆ కాగితం చిరిగితే ఈ కాలు మళ్లీ కొయ్య అయిపోతుంది, అందుకే ఏడు వారాలుగా ఉత్తరాల డబ్బా దాకా కూడా పోలేదు, తైమీ ఆసుపత్రిలో ఉందని తెలిసినా పోలేదు, ఫోన్లో తైమీ దగ్గుతూనే నవ్వింది, నీ కాఫీ తాగడానికే ఈ ఊళ్లో జనం చస్తున్నారే, ఈసారి నేనూ వరసలో నించున్నా అంది, ఛీ నోర్ముయ్ అంది తను, అదే ఆఖరి మాట, నోర్ముయ్, నలభై ఏళ్లు పక్కన నిలబడి కప్పులు కడిగినదానికి నోర్ముయ్ అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

తలుపు చప్పుడు, రెనే, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ, ఏంటండీ ఐలీగారూ, ఇవాళ కాళ్లకు చక్రాలు కట్టుకున్నారు, కూర్చోండి ముందు బీపీ చూస్తా, కూర్చోను, కూర్చోకపోతే ఎలాగండీ, కూర్చుంది, బీపీ ఎక్కువే ఉంది, ఎందుకు ఉండదు, ఆ వీధి చివర ఏముందో చూడు, నా తైమీని పెట్టెలో పెట్టి తెస్తున్నారు, నేనిక్కడ నీకు మడమ ఎత్తి చూపించాలి, రెనే బీపీ పట్టీ చుడుతూ ఆగిపోయింది, మరి వెళ్లరా, ఎలా వెళ్లేది, మీ మెడికేర్ ఊరుకుంటుందా, అయ్యో ఎవరు చెప్పారండీ మీకు, కష్టపడి, మనిషి సాయంతో, ఎప్పుడో కాసేపు వెళ్లొస్తే వాళ్లేం అనరు, చర్చికి వెళ్లొచ్చు, జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లొచ్చు, అంత్యక్రియలకైతే అడగక్కర్లేదు, మీ కాలుకి వైద్యం చేయిస్తున్నారు గాని మిమ్మల్ని జైల్లో పెట్టలేదు కదండీ.

ఐలీకి సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది, ఏడు వారాలు, తైమీ బతికుండగా ఏడు వారాలు, హిల్మా నోరు పడిపోను, కాదు, హిల్మాను అనడమెందుకు, రెనేను ఒక్క మాట అడగడానికి తన నోటికేమైంది, వారానికి రెండుసార్లు ఎదురుగానే కూర్చుంది కదా ఈ మనిషి, అడగలేదు, ఎందుకు అడగలేదు, సరే వెళ్లొచ్చన్నావు గాని బయట మంచు చూశావా అంది పైకి, మంచు కరగడానికి ఉప్పు చల్లారండీ, చర్చికి నాలుగు మెట్లున్నాయి, మన వెనక గుమ్మానికీ నాలుగేనండీ, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు, నిన్నగాక మొన్న చేశారు, నల్ల గౌను నడుం దగ్గర పట్టదు, పైన కోటు వేసుకోండి, కింద వంటగదికి పదమూడు మెట్లు, ఆ మెట్ల మీదే కాఫీ గిన్నెతో పడ్డాను, నేను దిగలేను, కిందికెందుకండీ, ప్రార్థన పైనే కదా, మీరు పైన కూర్చోండి చాలు, పైన కూర్చుని ఏం చేస్తాను రెనే, రెండు చేతులూ వాకర్ మీదుంటే పళ్లెం పట్టుకోలేను, కప్పు పట్టుకోలేను, ఏం పట్టుకుని వెళ్లను.

రెనే బీపీ పట్టీ సంచిలో పెట్టుకుంటోంది, ఐలీ కళ్ల ముందుకి ఆర్వో వచ్చాడు, పెట్టెలో, పదకొండేళ్ల కిందట, ఆఖరి పాట మొదలవకముందే తను లేచి కిందికి పోయి స్టవ్ వెలిగించింది, వెనకే తైమీ దిగింది, నీ మొగుడి చావుకి కూడా నువ్వే కాఫీ పెట్టాలా ఏంటే, పైకిపోయి కూర్చోవే, ఏడవవే మొండిదానా అంది, నీళ్లు మరుగుతున్నాయి కదా అంది తను, నీళ్లు మరుగుతూనే ఉన్నాయి, ఆర్వోకి, అమ్మకి, పాస్టరుకి, నలభై ఏళ్లలో ఈ ఊళ్లో పోయిన ప్రతి మనిషికీ తను కిందే ఉంది, పైన ఎవరు ఏడ్చారో తనకు తెలియదు, మొన్నటిదాకా కాఫీ చాటు, ఇవాళ మెడికేర్ చాటు, దాక్కోవడానికి.

ఫోన్ అందుకుంది, హిల్మా మొగుడికి చేసింది, కారు తీసుకురా, ఇప్పుడే, కాగితం సంగతి నేను చూసుకుంటాలే, మీ ఆవిడకి చెప్పు, చన్నీళ్లు పోసినా పోయకపోయినా నాకక్కర్లేదని, నాకు పైన, ముందు వరసలో, అంచు కుర్చీ ఉంచమను, రెనే కోటు తెచ్చి భుజాల మీద వేసింది, తలుపు తీసింది, ముఖం మీద చలి కొట్టింది, వాకర్ మీద రెండు చేతులూ ఉన్నాయి, ఏమీ మొయ్యని చేతులు, మెట్టు దిగాలి, దెబ్బ కాలు ముందు, అవును, దెబ్బ కాలే ముందు, మంచి కాలుతో పరుగెత్తి కిందికి పారిపోవడం నలభై ఏళ్లు చేసింది, ఇవాళ తైమీ దగ్గరికి ఏడవడానికి వెళ్తోంది, అంతకుమించి చేయడానికి అక్కడ తనకు పనేమీ లేదు.